ఎర్ర జట్టు అవ్వ

మా ఆవిడకి ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం రావడంతో మేము న్యూజిలాండ్ వెళ్ళాం. రెండు వేల దశకం మధ్యకాలం అది. ఆవిడకి ఉద్యోగం, మా అమ్మాయికి బడి దొరికాయి. నాకే ఏమీ దొరకలేదు. అంతకు ముందు నేను ఒంగోలు దగ్గర ఒక హైస్కూల్లో డ్రిల్లు మాస్టారిని. పొద్దున ప్రార్థన దగ్గర నేను 'సావధాన్!' అంటే వందల మంది పిల్లల మడమలు ఒక్కసారి టక్కుమనేవి. మేము చేరిన పామర్‌స్టన్ నార్త్ ఊళ్ళో నా మాట వినాల్సింది మా అమ్మాయి ఒక్కతే. అదీ తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబిచ్చి సైకిలెక్కి వెళ్ళిపోయేది.

ఆ ఊరు అరచెయ్యిలా చదునుగా ఉంటుంది. సైకిలు తొక్కడానికి అంతకంటే సుఖమైన ఊరు లేదంటారు, ఎదురుగాలి లేని రోజున. ఎదురుగాలి లేని రోజు నాకైతే గుర్తు లేదు. పగలు వంట చేసి, పిల్లని బడికి పంపి, సాయంత్రం ఆఫీసులు తుడిచే పనికి వెళ్ళేవాణ్ణి. మధ్యలో బోలెడంత పగలు మిగిలిపోయేది. ఆ మిగిలిన పగళ్ళలోనే మాకు పక్కింటి అవ్వ పరిచయమైంది.

ఆమె డెబ్బై దాటిన జపాన్ మనిషి. భర్త న్యూజిలాండ్ వాడు, పోయి చాలా ఏళ్ళయింది. యాభై ఏళ్ళ కూతురు ఊళ్ళోనే మొక్కలమ్మే నర్సరీలో పనిచేస్తూ రోజూ వచ్చి తల్లిని చూసి వెళ్ళేది. వీధిలో పిల్లలంతా ఆ ముసలావిణ్ణి 'నానా' అని పిలిచేవారు. అక్కడ అమ్మమ్మనీ నాయనమ్మనీ అలాగే అంటారు. ఒకరోజు మా అమ్మాయి కంచె దూకి వచ్చి, "నాన్నా, నానా నిన్ను రమ్మంటోంది నాన్నా" అంది. నైట్ డ్యూటీ చేసి వచ్చి పడుకున్న మా ఆవిడ లేచి కూర్చుని, "మీ నాన్నని మీ నాన్న రమ్మనడం ఏందే?" అంది.

నేను ఆమెని మర్యాదకి 'ఆంటీ' అన్నాను. ఆమె చేతిలో చెమ్చా కింద పెట్టి, "నేను మీ అమ్మకి అక్కనా, చెల్లెల్నా?" అని సీరియస్‌గా అడిగింది. మా వైపు పెద్దవాళ్ళందరినీ అలాగే పిలుస్తామంటే నవ్వింది. పైకి ఆంటీ అన్నా, నా మనసులో మాత్రం ఆమె మా ఒంగోలు లెక్కలో అవ్వే. మేము మాట్లాడుకున్నదంతా ఇంగ్లీషే. ఆమె ఇంగ్లీషు పూర్తిగా ఆ దేశపు రైతుల ఇంగ్లీషు, నాది హైస్కూలు ఇంగ్లీషు. ఇక్కడ తెలుగులో చెబుతున్నాను.

ఆమె ఇంట్లో జపాన్ అనిపించే వస్తువు ఒక్కటీ ఉండేది కాదు. లేసు పరదాలు, టీ కూజాకి ఉన్ని టోపీ, శనివారం టీవీలో రగ్బీ. స్కోన్లనే చిన్న రొట్టెలు ఆమె చేసినంత మెత్తగా ఆ వీధిలో ఎవరూ చేసేవారు కాదు. యుద్ధం ముగిశాక న్యూజిలాండ్ సైనికులు కొంతకాలం జపాన్‌లో ఉన్నారు. వాళ్ళలో ఒకతను ఆమెని ఇష్టపడ్డాడు. ఆ పెళ్ళికి న్యూజిలాండ్ ప్రభుత్వం ఒప్పుకోవడానికే ఏళ్ళు పట్టింది. చివరికి ఓడెక్కి మా ఊరి బయట ఒక పాడి పశువుల కమతంలోకి కోడలుగా వచ్చింది. చుట్టుపక్కల జపాన్ మొహం ఇంకొకటి లేదు.

"మా అత్తగారు మంచిదే," అంది ఒకసారి బట్టలు ఆరేస్తూ. "కానీ మొదటిరోజే చెప్పింది, ఈ ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడాలి అని. నేను సరే అన్నాను. అన్న మాట నిలబెట్టుకున్నాను."

ఎంతగా నిలబెట్టుకుందంటే, కన్న కూతురికి జపాన్ భాషలో పది అంకెలు కూడా రావు. ఆ కూతురికి అదొక కొరత. తల్లి మొహమే తనకీ ఉంది. బజార్లో జపాన్ విద్యార్థులు పలకరిస్తే, "సారీ, నాకు రాదు" అని చెప్పి చెప్పి విసిగిపోయింది.

ఒక సాయంత్రం ఆ కూతురు చేతిలో ఒక కాగితంతో పరుగులాంటి నడకతో వచ్చింది. నేనూ మా అమ్మాయీ అక్కడే స్కోన్లు తింటున్నాం.

"మమ్, ఊళ్ళో జపాన్ వాళ్ళంతా కలిసి ఏదో చేస్తున్నారట. ఏషియన్ కొట్టు తలుపు మీద అంటించారు. ఉన్‌-దో-కై అట. అంటే ఏంటి?"

అవ్వ టీ పోస్తున్నదల్లా ఆగింది. "నువ్వు తప్పుగా పలికావు," అంది. ఒకసారి సరిగ్గా పలికింది. ఆ ఇంట్లో నేను ఆమె నోట విన్న మొదటి జపాన్ మాట అదే. కూతురు కుర్చీలో ముందుకి జరిగింది.

"ఆటల పండగ. బళ్ళో ఏడాదికొకసారి చేసేవాళ్ళం. ఊరు ఊరంతా వచ్చేది."

"అయితే మనమూ వెళ్దాం!"

"నువ్వెళ్ళు. నేను రాను. వచ్చేవాళ్ళంతా నిన్నా మొన్నా వచ్చిన పిల్లలు. నా భాష పాతబడిపోయింది. వాళ్ళ ముందు నోరు తెరిస్తే మ్యూజియంలోంచి వచ్చాననుకుంటారు."

కూతురు మొహం చిన్నబోయింది. మాట మార్చడానికి నేను, "ఆటల పండగంటే మా బళ్ళో స్పోర్ట్స్ డే లాంటిదే. ఏటా నేనే జరిపించేవాణ్ణి," అన్నాను. అంతే, కూతురు నా వైపు తిరిగింది. కాగితం కింద ఇంకో వాక్యం ఉందట: ఆటలు జరిపించడం తెలిసినవాళ్ళు సాయం చేయగలరు, ఏ దేశం వాళ్ళయినా సరే.

ఆ వారమే నన్ను కారులో ఎక్కించుకుని వెళ్ళింది. ఆ పండగ జరిపించే ఆవిడ ఒక రైతు భార్య. జపాన్‌లో పుట్టి, న్యూజిలాండ్ అతన్ని పెళ్ళి చేసుకుని, ఇద్దరు పిల్లలతో ఊరి బయట ఉండేది. వాళ్ళ వంటింటి బల్ల చుట్టూ యూనివర్సిటీ విద్యార్థులు, పిల్లల తల్లులు కూర్చున్నారు. ఎవరెవరో మొత్తం కొత్తవాళ్ళు. నేను తలుపు దగ్గరే నిలబడిపోయాను. అవ్వ కూతురు, "ఈయన ఇండియాలో స్పోర్ట్స్ టీచరు," అని చెప్పింది.

ఆ రైతు భార్య లేచి నిలబడి తల వంచి, "రండి, సెన్సే," అంది.

సెన్సే అంటే ఏమిటని అవ్వ కూతురు గుసగుసగా పక్కనున్న విద్యార్థిని అడిగింది. "మాస్టారు అని," అన్నాడతను. నేను ఆ దేశం వచ్చాక నన్నెవరూ ఆ పేరుతో పిలవలేదు. వెళ్ళి బల్ల దగ్గర కుర్చీ లాక్కున్నాను.

ఇంక నన్ను పట్టేవాళ్ళు లేరు! రాత్రికి రాత్రి మనసులో కట్టుకున్న ప్లానంతా బల్ల మీద పరిచాను. వంద మీటర్లు, లాంగ్ జంప్, వయసుల వారీగా హీట్సు, ఫైనల్సు, ఫస్టు సెకండు థర్డు, మెడల్సు. వాళ్ళు ఓపిగ్గా విన్నారు. చివర్లో రైతు భార్య నవ్వాపుకుంటూ, "సెన్సే, మాకు ఫస్టు ఎవరో అక్కర్లేదు," అంది.

"ఫస్టు ఎవరో అక్కర్లేకపోతే పరిగెత్తడం ఎందుకు?"

"రెండు జట్లు. ఎరుపు, తెలుపు. వచ్చినవాళ్ళందరూ ఏదో ఒక జట్టు. మూడేళ్ళ పిల్ల పరిగెత్తినా జట్టుకే, తాత పరిగెత్తినా జట్టుకే."

నాకది మింగుడు పడలేదు. ఇంటికి వచ్చి మా ఆవిడతో, "మెడల్ లేని స్పోర్ట్స్ డే ఏం స్పోర్ట్స్ డే?" అన్నాను.

"నీకు ఇంటర్లో వచ్చిన మెడల్ ఎక్కడుందయ్యా ఇప్పుడు?" అంది మా ఆవిడ. నాకు గుర్తు రాలేదు. ఆ మర్నాటి నుంచి వాళ్ళ పద్ధతే నా పద్ధతి.

గుడ్డ బంతులాట ఒకటుంది. పెద్ద గెడకి తలమీద బుట్ట కడతారు. జట్టు మొత్తం కింద చేరి చిన్న చిన్న గుడ్డ బంతుల్ని అందులోకి విసరాలి. ఆ బంతులు కొనడానికి ఆ దేశంలో దొరకవు, కుట్టాలి. అవ్వ దగ్గర మంచి కుట్టుమిషను ఉంది. కూతురు తెలివిగా, "మమ్, నువ్వేం రానక్కర్లేదు. ఇవి కుట్టిపెట్టు చాలు," అని ఎర్ర గుడ్డ, తెల్ల గుడ్డ మూటగట్టి తెచ్చింది. లోపల నింపడానికి బార్లీ గింజలు. మా ఆవిడ సెలవు రోజున వెళ్ళి కూర్చుంది. నేను గింజలు కొలిచి పోసే పని తీసుకున్నాను.

మొదటి బంతి కూతురు కుట్టింది. అవ్వ చేతిలోకి తీసుకుని ఎగరేసి, "ఇది బంతి కాదు, దిండు," అని విప్పేసింది. "పిల్లల గుప్పిట్లో పట్టాలి. మేము ఎర్ర చిక్కుడు గింజలు పోసేవాళ్ళం. ఆట అయిపోయాక బంతులు విప్పి వండుకు తినేవాళ్ళం."

"నిజంగానా?" అంది మా ఆవిడ.

"తర్వాత తర్వాత గింజల బదులు గులకరాళ్ళు పోశారు. యుద్ధం. గింజలెక్కడివి?"

అలా మాట్లాడుతూనే చకచకా కుట్టేసింది. ఒక్కో బంతికీ ఒక్కో మాట బయటికి వచ్చేది. గెడ పేరు, బుట్ట పేరు, జట్టు గెలిస్తే అరిచే కేక. కూతురు గింజలు పోయడం మానేసి వాటిని నోట్లో నోట్లో అనుకుంటూ కూర్చుంది. మా అమ్మాయి వాటిని మాకంటే తొందరగా పట్టేసి వీధంతా అరుచుకుంటూ తిరిగింది. బంతులన్నీ అయ్యాక అవ్వ వాటిని బుట్టలో సర్ది, "సరే, సరిగ్గా ఆడుతున్నారో లేదో చూడ్డానికి వస్తాను. చూడ్డానికే," అంది. కూతురు నాకేసి చూసింది. ఇద్దరం కింద పడ్డ గింజలు ఏరడంలో పడ్డాం. ఏమన్నా అంటే మళ్ళీ ఎక్కడ రానంటుందోనని భయం.

మార్చిలో ఒక శనివారం. అక్కడ వేసవి చివరి రోజులు. ఒక బడివాళ్ళు తమ గ్రౌండు వాడుకోమన్నారు. నేను తెల్లవారక ముందే సైకిలేసుకుని వెళ్ళి తాళ్ళు కట్టి గీతలు గీశాను. దూరపు కొండల మీద గాలిమరలు గిరగిరా తిరుగుతున్నాయి. పెట్టిన గుడారం రెండుసార్లు ఎగిరిపోబోయింది. ఎనిమిది గంటలకి చినుకులు. తొమ్మిదికి ఎండ! గడ్డంతా మెరుస్తోంది. కార్లు ఒకటొకటిగా వచ్చి ఆగుతున్నాయి. పిల్లలు, తల్లులు, తెల్ల తండ్రులు, యూనివర్సిటీ వాళ్ళు, దూరపు ఊళ్ళ నుంచి కూడా రెండు మూడు కుటుంబాలు. ఊళ్ళో ఇంతమంది జపాన్ వాళ్ళున్నారని వాళ్ళకే తెలియదు. ఒకళ్ళనొకళ్ళు చూసి, "మీరిక్కడే ఉంటారా? ఎన్నాళ్ళ నుంచి?" అని ఆశ్చర్యపోతున్నారు.

తలకి కట్టుకోవడానికి గుడ్డపట్టీలు పంచారు. మాకు ఎరుపు వచ్చింది. అవ్వ ఉన్ని కోటు తొడుక్కుని, కాళ్ళ మీద దుప్పటి కప్పుకుని మడత కుర్చీలో కూర్చుంది. పట్టీ ఇవ్వబోతే, "నేను చూడ్డానికి వచ్చాను," అని జేబులో పెట్టుకుంది.

మొదట అందరూ కలిసి చేసే వ్యాయామం. జపాన్‌లో రేడియోలో పాట వస్తుంటే దేశమంతా ఒకేలా చేస్తారట. బళ్ళల్లో, ఫ్యాక్టరీల్లో, పార్కుల్లో అదే. రైతు భార్య క్యాసెట్ పెట్టింది. పియానో మొదలైంది. నేను ఈల పట్టుకుని పక్కన నిలబడ్డాను. అందరి చేతులూ ఒక్కసారి ఆకాశంలోకి లేచాయి. ఒక్క రిహార్సల్ లేదు! ఒకరి పేరు ఒకరికి తెలియని మనుషులు, ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళు, పిల్లల తల్లులు, అంతా ఒక్క మనిషిలా వంగుతున్నారు, లేస్తున్నారు. నేను ఏళ్ళ తరబడి గొంతు చించుకుని సాధించలేని వరస అది.

అప్పుడు వెనక ఒక కదలిక కంటపడింది. అవ్వ దుప్పటి పక్కన పెట్టి లేచి నిలబడింది. చేస్తోంది. కానీ అందరిలా కాదు. అందరి చేతులూ పైకి లేస్తే ఆమెవి పక్కలకి చాచుకున్నాయి. అందరూ నడుము తిప్పితే ఆమె మోకాళ్ళు వంచింది. పాట ఆగింది. పిల్లలెవరో కిలకిలా నవ్వారు. అవ్వ చుట్టూ చూసి, తను ఒక్కతే వేరుగా చేసిందని గ్రహించి, గబుక్కున కుర్చీలో కూలబడింది.

"చెప్పానుగా," అంది కూతురితో. "అంతా మర్చిపోయాను. ఇంటికి వెళ్దాం పద."

నాకు డ్రిల్లు తప్ప ఇంకేం వచ్చు! కానీ డ్రిల్లు వచ్చు. పరుగున వెళ్ళాను. "ఆంటీ, మీరు మర్చిపోలేదు. మర్చిపోయిన పిల్ల ఏం చేస్తుందో నాకు తెలుసు, పక్క పిల్లని చూసి చేస్తుంది. మీరు ఎవరినీ చూడలేదు. మీ చెయ్యి ఒక్కసారి కూడా తడబడలేదు."

ఆమె నా మాట నమ్మిందో లేదో గానీ, ఇంతలో గుంపులోంచి ఒక పెద్దాయన కర్ర ఊపుకుంటూ వస్తున్నాడు. రైతు భార్య తండ్రి. కూతురిని చూడ్డానికి జపాన్ నుంచి వచ్చి ఉన్నాడు. ఆయనకి ఇంగ్లీషు రాదు. దూరం నుంచే ఏదో పెద్దగా అంటున్నాడు. రైతు భార్య ఆయన వెనకే పరిగెత్తుతూ మాకు చెప్పింది: "అది పాతదట! యుద్ధానికి ముందు బళ్ళల్లో చేసిందట! మా నాన్న చిన్నప్పుడు చేశాడట! తర్వాత దాన్ని ఆపేసి కొత్తది పెట్టారట!"

పెద్దాయన వచ్చి అవ్వ ముందు నిలబడి వంగి దండం పెట్టాడు. ఆమె లేచి వంగింది. ఆయన ఏదో అడిగాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. ఆయన మళ్ళీ అడిగాడు. ఈసారి ఆమె జవాబు చెప్పింది, చాలా చిన్న గొంతుతో. అది జపాన్ మాటే. యాభై ఏళ్ళు నోట్లో దాచుకున్న మాట ఎలా ఉంటుందో నాకు తెలియదు గానీ, అక్కడున్న కుర్రాళ్ళెవరూ నవ్వలేదు. ఒకమ్మాయి మాత్రం, "ఎంత అందంగా మాట్లాడుతున్నారు, మా నాయనమ్మలాగా!" అంది.

రైతు భార్య మైకు తీసుకుంది. "అందరూ మళ్ళీ వరసల్లో నిలబడండి. ఇప్పుడు పాత వ్యాయామం నేర్చుకుంటాం!"

దానికి పాట లేదు. అవ్వే లెక్క పెట్టాలి. కోటు విప్పి కూతురికిచ్చింది. జేబులోంచి ఎర్రపట్టీ తీసి తలకి కట్టుకుంది. పెద్దాయన కర్ర గడ్డి మీద పడేసి ఆమె పక్కన నిలబడ్డాడు. "ఇచీ, నీ, సన్, షీ..." మొదట గొంతు వణికింది. రెండోసారికి నిలబడింది. మూడోసారికి గ్రౌండు చివరిదాకా వినబడింది! ఆ గొంతు నాకు బాగా తెలుసు. బళ్ళో ముందు వరసలో నిలబెట్టే లీడరు పిల్ల గొంతు అది. ఒకచోట పెద్దాయన ఎడమకి తిరిగితే ఆమె ఆపి, వేలు చూపించి, కుడికి తిప్పించింది. ఆయన "హై!" అని, అంటే అలాగేనని, బుద్ధిగా తిరిగాడు. అందరూ పకపకా నవ్వారు.

మొదటి వరసలో అవ్వ కూతురు నిలబడింది. తల్లి చెయ్యి ఎటు కదిలితే ఆమె చెయ్యి అటు. కళ్ళలోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. "గో, రొకు, షిచీ, హచీ" అని తల్లితోపాటు గట్టిగా అరుస్తోంది. మా అమ్మాయి ఆమె పక్కనే. మా ఆవిడ నా భుజం గిల్లి, "నువ్వూ చెయ్యవయ్యా, ఏంది చూస్తా నిలబడ్డావు!" అంది. నేను ఈల జేబులో పెట్టుకుని వరసలోకి దూరాను.

ఆ తర్వాత జరిగినదంతా నాకు ఒక్క పెద్ద కేకలాగా గుర్తుంది. తాడు లాగుడులో ఎర్ర జట్టు తరఫున మా ఆవిడ వెనక కొసన తాడు నడుముకి చుట్టుకుని నిలబడింది. రోగుల్ని మంచాల మీద తిప్పే చేతులవి, గెలిచాం! గుడ్డ బంతులాటలో తెల్ల జట్టు గెలిచింది. దారం మీద వేలాడదీసిన బన్నుల్ని చేతులు ముట్టకుండా నోటితో అందుకునే పరుగులో మా అమ్మాయి రెండు బన్నులు తినేసి గీత దాటడం మర్చిపోయింది. మధ్యాహ్నం గడ్డి మీద దుప్పట్లు పరుచుకున్నాం. మా ఆవిడ చేసిన పులిహోర డబ్బా చేతులు మారి మారి ఖాళీ అయి వచ్చింది. వాళ్ళు మాకు అన్నం ముద్దలిచ్చారు. కొరికితే మధ్యలో ఊరేసిన పండు, మా అమ్మ ఉప్పులో ఊరేసే నిమ్మకాయంత పులుపు. మా ఆవిడ కళ్ళు మూసుకుని, "అబ్బ, ఇది మనదే," అంది.

చివరిది రిలే. స్కోరు సమానంగా ఉంది. ఇది గెలిచినవాళ్ళదే రోజు. మెడల్ లేకపోతే ఎవరికీ పట్టదన్న నా మాట ఎంత తప్పో అప్పుడు చూడాలి! నలభై ఏళ్ళ మనుషులు బూట్ల లేసులు విప్పి మళ్ళీ గట్టిగా కట్టుకుంటున్నారు. ఎర్ర జట్టులో ఆఖరి పరుగు ఎవరిదని తర్జనభర్జన పడుతుంటే అవ్వ వచ్చి, "నాది," అంది.

"మమ్, నీ మోకాలు!" అంది కూతురు.

"మోకాలు నాది." తర్వాత అందరికీ వినబడేలా చెప్పింది. "బళ్ళో నన్ను ఆఖరి పరుగుకి ఎంచారు. మా ఊరి ఎర్ర జట్టుకి. ఆ ఏడు యుద్ధం ముదిరిపోయి గ్రౌండు తవ్వేసి చిలగడదుంపలు నాటించారు. మాతోనే తవ్వించారు. ఉన్‌దోకై జరగలేదు. ఆ మరుసటి ఏడు మమ్మల్ని ఫ్యాక్టరీ పనికి పంపేశారు."

జట్టు వాళ్ళు నా వైపు చూశారు, రిలే జరిపించేది నేను కదా. ఆఖరి దూరం తగ్గిస్తానన్నాను. గ్రౌండు మలుపు దగ్గర నుంచి గీత దాకా, అంతే. తెల్ల జట్టుకీ అంతే దూరం. వాళ్ళ ఆఖరి మనిషి యూనివర్సిటీ విద్యార్థి, జింకలాంటి కుర్రాడు. ఇంకేం, అతను జాలిపడి మెల్లగా పరిగెత్తుతాడు, అవ్వ గెలుస్తుంది, అందరం చప్పట్లు కొడతామనుకున్నాను.

ఈల ఊదాను. పిల్లల దగ్గర మొదలై తల్లులకి, తండ్రులకి, రిలే కర్ర చేతులు మారింది. మావాళ్ళు చచ్చీచెడీ మంచి ముందంజ సంపాదించారు. అవ్వ కూతురే తల్లికి అందించాలి. రొప్పుతూ వచ్చి, "మమ్!" అని చేతిలో పెట్టింది. అవ్వ కదిలింది. పరుగో నడకో చెప్పలేను గానీ మోకాళ్ళు లేస్తున్నాయి, చేతులు ఆడుతున్నాయి, చూపు సూటిగా గీత మీదే. తెల్ల జట్టు కుర్రాడు కర్ర అందుకుని నాలుగంగల్లో ఆమె వెనకే వచ్చేశాడు. వచ్చి, నేననుకున్నట్టే, అడుగులు చిన్నవి చేశాడు.

అవ్వకి చప్పుడు తెలిసిపోయింది. తల తిప్పకుండానే జపాన్ భాషలో ఒక్క అరుపు అరిచింది. కుర్రాడు అదిరిపడి, "హై!" అని బాణంలా ఆమెని దాటి దూసుకుపోయి గీత తెంచాడు. తెల్ల జట్టు గెలిచింది! అవ్వ ఆగలేదు. ఎర్ర జట్టంతా పక్కనే పరిగెత్తుతూ కేకలు వేస్తుంటే గీత దాటి, మోకాళ్ళ మీద చేతులాన్చి వంగి నిలబడింది. నేను భయపడి మా ఆవిణ్ణి కేకేశాను. ఆవిడ వచ్చి నాడి పట్టుకుంది. అవ్వ తల ఎత్తితే మొహమంతా నవ్వు.

"ఓడిపోయాం!" అంది. "చూశావా టీచర్, ఓడిపోయాం!"

తర్వాత రైతు భార్యని అడిగాను, ఆ కుర్రాణ్ణి ఏమని అరిచిందని. "సరిగ్గా పరిగెత్తు, నేను ఇంతకాలం ఆగింది దీనికి కాదు, అని," అంది. "ఇంకో మాట కూడా అంది. అది నేను చెప్పను, పెద్దవాళ్ళ మాట."

మర్నాడు మేము చర్చి నుంచి వచ్చేసరికి అవ్వ మోకాలు గుమ్మడికాయంత వాచి ఉంది. మా ఆవిడ ఐసు పెడుతూ తిట్టింది. అవ్వ పట్టించుకోలేదు. రైతు భార్య ఫోన్ చేసిందట, వచ్చే ఏడాదికి కొత్త బంతులు కావాలట.

ఆ రోజు వల్ల నాకు ఉద్యోగమేమీ రాలేదు. మరో ఏడాదికి పరీక్షలు రాసి, కాగితాలన్నీ తిప్పి తిప్పి, వేరే దారిన ఒక బళ్ళో చేరాను. కానీ ఆఫీసులు తుడిచే సాయంత్రాలు కూడా ఆ తర్వాత తేలిగ్గా నడిచాయి. అవ్వ కూతురు ఆదివారాలు పిల్లల జపాన్ భాష క్లాసులో చేరింది. ఆరేళ్ళ పిల్లల మధ్య చిన్న కుర్చీలో ముడుచుకుని కూర్చుని, ఇంటికి వచ్చి తల్లి చేత హోంవర్క్ దిద్దించుకునేది. అవ్వ చాలా కఠినమైన టీచరు. కంచె ఇవతలికి కూడా వినబడేది.

ఉన్‌దోకై ఫోటోలు ఆ చుట్టుపక్కల ఊళ్ళకి చేరాయి. ఒకరోజు అవ్వకి ఫోను వచ్చింది. బస్సులో రెండు గంటల దూరంలో ఉన్న ఊరి నుంచి ఇంకో ముసలావిడ. ఆమె కూడా ఒక సైనికుణ్ణి పెళ్ళాడి ఓడెక్కి వచ్చినదే. ఇన్నాళ్ళూ ఈ దేశంలో తనలాంటిది తనొక్కతే అనుకుందట. చూడ్డానికి వస్తానంది.

బస్టాండుకి నేనే కారులో తీసుకెళ్ళాను. అవ్వ దారంతా కోటు గుండీలు పెట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది. "ముందు ఏ భాషలో పలకరించను?" అని రెండుసార్లు అడిగింది. నాకేం తెలుసు, "ఏది ముందొస్తే అది," అన్నాను. బస్సు వచ్చి ఆగింది. తలుపు తెరుచుకుంది. అవ్వంతే పొట్టిగా, అలాంటి కోటులోనే, ఒకామె మెట్టు దిగింది. ఇద్దరూ వంగారు. లేచారు. మళ్ళీ వంగారు. డ్రైవరు సంచీ పట్టుకుని ఎవరికివ్వాలో తెలియక నిలబడ్డాడు. తర్వాత ఇద్దరూ ఒక్కసారే మాట్లాడటం మొదలుపెట్టారు, ఒకరి చేతులు ఒకరు పట్టుకుని, ఇంగ్లీషూ జపాన్ మాటా కలగలిపి, ఎవరు ఏమంటున్నారో ఒకరికైనా వినబడుతోందో లేదో. నేను సంచీ అందుకుని కారు దగ్గర చాలాసేపు నిలబడ్డాను.